రెండో భాగం చెడగొట్టిన దర్శకుణ్ణి క్షమించాలా?

హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక జరిగే చర్చల్లో రాజకీయాలకంటే ఎక్కువసేపు సాగేవి సినిమా చర్చలే. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. మన పల్నాటి కుర్రవాడు ఓటు అయిదేళ్ళకోసారి వేస్తాడు, సినిమా టిక్కెట్టు నెలకు రెండుసార్లు కొంటాడు. ఈమధ్య ఆ చర్చల్లో పదే పదే వినబడుతున్న ప్రశ్న ఒకటుంది. ఒక దర్శకుడు మంచి చిత్రం తీశాడు, మనం నెత్తిన పెట్టుకున్నాం. తర్వాత అదే పేరుతో రెండోదీ, మూడోదీ తీసి మనల్ని ఉసూరుమనిపించాడు. అభిమానులు అతణ్ణి క్షమించాలా, అక్కర్లేదా?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఈ ఒక్క ప్రశ్నమీద ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితులు వారం రోజులు మాట్లాడుకోకపోవడం నేను చూశాను. ఒకడు "మన దర్శకుడయ్యా, ఇంటి మనిషిలాంటివాడు" అంటాడు. రెండోవాడు "ఇంటి మనిషైతే నా దగ్గర టిక్కెట్టు డబ్బులెందుకు తీసుకున్నాడోయ్?" అంటాడు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అంచేతనే నా అభిప్రాయం నాలుగు మాటల్లో రాయాలనిపించింది.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. 1989 అక్టోబరులో వచ్చిన 'శివ' గురించి మన కాలేజీ విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అది చూడని తరం కూడా సైకిల్ చైను కథ చెబుతుంది. విజయవాడలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో వీడియో కేసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపిన ఒక కుర్రవాడు తీసిన మొదటి సినిమా అది. ఆ కుర్రవాడే రామ్‌గోపాల్ వర్మ. 1998లో 'సత్య' తీశాడు, బొంబాయివాళ్ళు కూడా మనవాణ్ణి చూసి నేర్చుకోవలసి వచ్చింది. 2005లో 'సర్కార్' వచ్చింది. సరే, ఆ తర్వాత? 2006లో హిందీలో మళ్ళీ 'శివ' అనే పేరు, 2007లో 'షోలే'ని మళ్ళీ తీయబోయి 'ఆగ్', 2013లో 'సత్య 2', 2017లో 'సర్కార్ 3'. పేర్లు పాతవే, లోపల సరుకు మాత్రం పాతది కాదు. ప్రేక్షకులు పెదవి విరిచారు.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. 2025 జనవరిలో 'సత్య' మళ్ళీ థియేటర్లలోకి వచ్చినప్పుడు వర్మ దాన్ని చూసి కంటతడి పెట్టుకున్నానని బాహాటంగా రాశాడు. విజయం తలకెక్కి దారి తప్పాననీ, ఇకమీదట ఆ సినిమాకున్న గౌరవానికి తగినట్టుగానే పని చేస్తాననీ చెప్పుకున్నాడు. అదే సంవత్సరం నవంబరులో 'శివ' కూడా కొత్త హంగులతో విడుదలైంది. ముప్పై ఆరేళ్ళ తర్వాత కూడా జనం వెళ్ళి చూశారు. అంటే మన ప్రశ్న ఊహలోంచి పుట్టింది కాదు. ఒక దర్శకుడు తప్పు ఒప్పుకొని మన ముందు నిలబడ్డాడు. మనమేమనాలి?

క్షమించకూడదనే పక్షం వాదన మొదట విందాం. ఆ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. సినిమా వ్యాపారంలో మన వినుకొండ గుంటూరు ఏరియా కింద లెక్క. ఒక హిట్టు సినిమాకి రెండో భాగం వస్తోందంటే ఏరియా రేటు పెరుగుతుంది. బయ్యరు ఆ పేరు చూసి అడ్వాన్సు కడతాడు. చిన్న ఊళ్ళో థియేటరు నడిపేవాడు ఆ పేరు చూసే ముందుగా డబ్బు తెస్తాడు. ఇప్పుడు పెద్ద సినిమాలకు తొలి రోజుల్లో టిక్కెట్టు ధర పెంచుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతులివ్వడం మామూలైపోయింది. 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్' బెనిఫిట్ షోకి మన రాష్ట్రంలో టిక్కెట్టు 600 రూపాయలు పెట్టారు. మన వైపు మిరప కోతకు వెళ్ళే మనిషికి అది ఒకరోజు కూలికి తక్కువ కాదు. సినిమా తేలిపోతే దర్శకుడు ఇంకో సినిమా మొదలుపెడతాడు. బయ్యరు తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. కూలివాడి 600 తిరిగిరావు. "క్షమించడానికి నాకు మనసుంది, జేబు లేదు" అని మా మిత్రుడొకడు అన్న మాట హాస్యం కాదు.

రెండో పక్షం వాదనకు మన చరిత్రలోనే గట్టి సాక్ష్యముంది. కె.వి.రెడ్డిగారి పేరు తెలియని తెలుగువాడుండడు. 'పాతాళభైరవి' (1951), 'పెద్దమనుషులు' (1954), 'దొంగరాముడు' (1955), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) – ఇన్ని తీసినాయన. అంతటాయనకీ 1965లో 'సత్యహరిశ్చంద్ర' దెబ్బ తగిలింది. 1968లో 'ఉమాచండీగౌరీశంకరుల కథ', 'భాగ్యచక్రం' రెండూ ఆడలేదు. నటుడు రామారావుగారే, పౌరాణికమో జానపదమో ఆయనకు కొట్టినపిండే, అయినా జనం రాలేదు. ఆయన పనైపోయిందని అప్పుడే తీర్మానించేసి ఉంటే 1971లో 'శ్రీకృష్ణ సత్య' వచ్చేది కాదు. అది ఆదరణ పొందింది, మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. ఒక పెద్దమనిషి ఓటమితో కాక గెలుపుతో సెలవు తీసుకోగలిగాడంటే, ఎవరో కొందరు ఆయన్ని మళ్ళీ నమ్మడం వల్లనే గదా?

మరి ఈ రెండు వాదనల మధ్య ఎటు మొగ్గాలి? నాకు దారి చూపించింది మా ఊరి నాటకాల ముచ్చట్లే. వినుకొండ జాషువాగారు పుట్టిన ఊరు. ఆయన శ్మశానవాటి పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో నటులు పాడుకోవడం ఆంధ్రదేశమంతా ఎరిగిందే. పద్యం పద్యానికీ "వన్స్ మోర్" అంటూ తెల్లవార్లూ కూర్చున్న తరం మా పెద్దలది. వాళ్ళు చెప్పే మాట ఒకటుంది. ఆ రోజు గొంతు పోయిన నటుణ్ణి జనం ఏమీ అనేవారు కాదట, పాపం జలుబు చేసిందిలే అని సరిపెట్టుకునేవారట. కాని గొంతుండీ దాచుకున్నవాణ్ణి, రేపు పక్క ఊళ్ళో ఇంకో నాటకం ఉందని ఇక్కడ నాలుగు పద్యాలు మింగేసినవాణ్ణి మాత్రం వదిలేవారు కాదట. ఏ పద్యం మింగాడో జనానికి తెలుసు, ఎందుకంటే నాటకమంతా వాళ్ళకు కంఠతా వచ్చు.

నేను పట్టుకున్న కొలబద్ద ఇదే. చేతకాక చెడింది వేరు, చేతనయ్యీ చెడగొట్టింది వేరు. మొదటిదానికి క్షమ అడగకుండానే ఇవ్వాలి. రెండోదానికి అడిగినా వెంటనే ఇవ్వకూడదు.

ఈ కొలబద్దతో శంకర్‌గారి 'భారతీయుడు 2' చూద్దాం. 1996 నాటి 'భారతీయుడు'లో సేనాపతి తాతని చూసి లంచమడగడానికి జంకిన గుమాస్తాలున్నారని మన నాన్నలు సరదాగా చెబుతారు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, 2024 జులై 12న రెండోది వచ్చింది. దాని వెనుక కష్టం లేదనలేం. 2020 ఫిబ్రవరిలో మద్రాసు దగ్గర ఆ సినిమా సెట్టులో క్రేను కూలి ముగ్గురు చనిపోయారు. తర్వాత కరోనా, తర్వాత తగాదాలు. ఇన్ని దాటి వచ్చిన సినిమాని హేళన చెయ్యడానికి నాకు మనసొప్పదు. అయితే ఒక మాట. ఒక్క సినిమాకి సరిపోయే కథని రెండుగా సాగదీసి, చివర మూడోభాగం ప్రకటన చూపించి పంపడం కష్టం కిందికి రాదు, లెక్క కిందికి వస్తుంది. విడుదలయ్యాక పన్నెండు నిమిషాలు కత్తిరించారు. ఆ పన్నెండు నిమిషాలు అనవసరమని మొదటిరోజు డబ్బిచ్చి చూసినవాడు చెప్పేదాకా తెలియలేదా? ఇక్కడ కష్టానికి దణ్ణం పెడతాను, సాగదీతను మాత్రం క్షమించను. రెండూ ఒకే సినిమాలో ఉండవచ్చు.

వర్మ సంగతేమిటి? 'ఆగ్' తీసినప్పుడు ఆయనకు చేతకాదని ఎవరంటారు? 'సత్య' తీసిన చెయ్యే గదా! అంచేత ఆయనది గొంతు దాచుకున్న కేసు. ఆయనే ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకోవడం మంచిదే, నేను గౌరవిస్తాను. కాని సినిమా దర్శకుడు పశ్చాత్తాపపడవలసింది కాగితంమీద కాదు, తెరమీద. 'గాడ్‌ఫాదర్' స్ఫూర్తితో 'సర్కార్' తీశానని చెప్పినాయనకు ఆ 'గాడ్‌ఫాదర్' తీసిన కొప్పోలానే ఒక పాఠం చూపించాడు. 1972లో, 1974లో వచ్చిన రెండు భాగాలనూ లోకం మెచ్చింది, 1990లో వచ్చిన మూడోభాగం ఆ ఎత్తు అందుకోలేదన్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2020లో, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో ఆయన మళ్ళీ ఎడిటింగు గదిలో కూర్చుని మూడోభాగాన్ని మొదలూ చివరా మార్చి, కొత్త పేరుతో విడుదల చేశాడు. అది గొప్పగా మారిందా లేదా అన్నది వేరే సంగతి. పని దగ్గరికి తిరిగి వెళ్ళాడు చూశారూ, క్షమాపణంటే అదీ.

ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. మనకు నచ్చని రెండో భాగం ఇంకెవరికో మొదటి సినిమా అయివుంటుంది. అమెరికాలో జార్జి లూకాస్ 1977లో 'స్టార్ వార్స్' తీసి, 1999 నుంచి దానికి ముందు కథ చెబుతూ మూడు సినిమాలు తీశాడు. పాత అభిమానులు దుమ్మెత్తిపోశారు. ఆ రోజుల్లో పిల్లలుగా చూసినవాళ్ళు ఇవాళ పెద్దవాళ్ళై ఆ మూడింటినే ప్రేమగా తలుచుకుంటున్నారు. "నా బాల్యాన్ని పాడుచేశాడు" అని దర్శకుడిమీద నేరం మోపేవాళ్ళు ఇది ఆలోచించాలి. 'సత్య 2' వచ్చినంత మాత్రాన 'సత్య' రీళ్ళు చెరిగిపోలేదు. 2022 ఆగస్టులో 'పోకిరి' మళ్ళీ వేసినప్పటినుంచి పాత సినిమాలకు జనం క్యూ కడుతూనే ఉన్నారు. మంచి సినిమా తన మర్యాద తానే కాపాడుకుంటుంది.

కాబట్టి క్షమ అంటే ఏమిటో తేల్చుకోవాలి. క్షమించడమంటే బాగాలేనిదాన్ని బాగుందనడం కాదు. 'మనవాడు' కదా అని అబద్ధం చెప్పి పదిమందిని థియేటరుకి తోలడం అభిమానం కాదు, దళారీతనం. అలాగే క్షమించకపోవడమంటే దర్శకుడి తల్లినీ, పెళ్ళాన్నీ తిట్టడం కాదు. ఇవాళ సెల్‌ఫోను చేతిలో ఉంది గదా అని మనవాళ్ళు రాస్తున్న రాతలు అమ్మానాన్నలకు చూపించగలరా? సినిమా బాగాలేదనడానికి తెలుగు భాషలో బూతులు కాని మాటలు బోలెడున్నాయి.

నిజానికి అభిమాని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే – మొదటిరోజు టిక్కెట్టు. పేరు చూసి, అంకె చూసి, అర్ధరాత్రి షోకి ఎగబడే అలవాటే ఈ సరుకంతటికీ మూలం. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప 2' షోకి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ సినిమా బాగా ఆడిన సినిమాయే. బాగున్న సినిమాకైనా, బాగాలేని సినిమాకైనా అంత తొందర ఎందుకు? రెండు రోజులు ఆగితే సినిమా ఎక్కడికీ పారిపోదు. మనం రెండు రోజులు ఆగుతామని తెలిస్తే, కథ లేకుండా అంకె వేసి అమ్మేవాడు పదిసార్లు ఆలోచిస్తాడు. బయ్యరు కూడా పేరుకి కాక కథకి అడ్వాన్సు కట్టడం నేర్చుకుంటాడు.

ఏతావాతా నేను చెప్పేదిదీ. కొత్తదనం కోసం ప్రయత్నించి బోర్లాపడ్డ దర్శకుణ్ణి క్షమించండి, తర్వాతి సినిమాకి వెళ్ళండి. రేపటి కె.వి.రెడ్డి అతనే కావచ్చు. మన ప్రేమని బ్యాంకులో డిపాజిట్టులా వాడుకున్నవాణ్ణి తిట్టకండి, ద్వేషించకండి, కాని తర్వాతి సినిమాకి ముందు మీరు వెళ్ళకండి. వాళ్ళూ వీళ్ళూ చూసొచ్చి బాగుందంటే అప్పుడు వెళ్ళండి. వర్మ విషయంలో కూడా నేను చేయబోయేది అదే. ఆయన మాట నిలబెట్టుకుంటే టిక్కెట్టు కొనేవాళ్ళ వరసలో నేనూ ఉంటాను, మొదటిరోజు మాత్రం కాదు.

దీనితో ఏకీభవించని మిత్రులు చాలామంది ఉంటారని తెలుసు. వాళ్ళు వచ్చే ఏడాది సంచికలో జవాబు రాస్తే సంతోషిస్తాను. అంతవరకూ గదిలో మాట్లాడుకోవడం మాత్రం మానెయ్యవద్దని మనవి. ఏ దర్శకుడూ మన రెండో భాగం స్నేహానికి బాధ్యత వహించడు గదా!