గీతా, మరకా?

ఎద్దుబండ్లకని వదలిన సందులలో నేడు కార్లు తిరుగుచున్నవి. మన అరుప్పుకోట్టై నేతవారి వీథులు ఎరిగినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. ఒక ప్రక్క అరుగు, మరొక ప్రక్క ఎవరో నిలిపిన స్కూటరు. ఉదయాన పడుగు సాచి ఉంటే దానికీ దారి విడువవలెను. ఇంత ఇరుకులో బండి వెనుకకు తీయునప్పుడు గేటో, సున్నము కొట్టిన గోడో తగులుటలో వింత లేదు. ఆ తరువాత ఇంటిలో జరిగేదే వింత. ఒకరు టూత్ పేస్టు తెస్తారు, ఒకరు గిన్నెలు తోమే పీచు తెస్తారు, మూడవవారు వర్క్‌షాపులో దొరికే తిన్నరు మంచిదంటారు.

మేమెరిగిన ఒక ఇంటి కుర్రవాడు తలుపు మీది బెత్తెడు మరకను సబ్బుపొడి, పీచు పెట్టి అరగంట తోమినాడు. మరక పోయినది. తలుపంతా మబ్బు పట్టినట్లయినది. పోయిన మరక గోడ రంగు. పోయిన మెరుపు బండిది. చివరకు తలుపు మొత్తానికి రంగు వేయించవలసి వచ్చినది.

తమిళములో ఇటువంటి దానినంతా కీఱల్ అనేస్తారు. మన పిల్లలకూ అదే మాట అలవాటైనది. మన భాషలో గీత వేరు, మరక వేరు. ఇక్కడ ఆ భేదమే ముఖ్యము. గేటు రంగు వచ్చి మన బండికి అంటుకొంటే అది మరక. మన బండి రంగే లేచిపోతే అది గీత. నేతపని ఎరిగిన ఇళ్ళలో చెప్పవలెనా? మరక ఉతికితే పోవును గాని తెగిన పోగు ఉతికితే అతకదు.

కనుక మొదట ఆ చోటును నీళ్ళు ధారగా పోసి కడుగవలెను. మన కరిసల్ నేల దుమ్ములో ఇసుక ఉంటుంది. కడుగక తుడిస్తే ఆ ఇసుకే గీతలు పెట్టును. ఆరిన తరువాత గోటితో అడ్డముగా మెల్లగా నిమిరి చూడవలెను. గోరు చిక్కకుండా జారిపోతే పని చాలావరకు ఇంటిలోనే అవుతుంది. చిక్కితే గీత లోతుగా దిగినదని అర్థము.

ఇప్పటి కార్లకు రంగు మీద రంగు లేని పారదర్శకమైన వార్నిషు పూత ఒకటి ఉంటుంది. మెరుపంతా దానిదే. దాని మందము సుమారు 40 నుండి 50 మైక్రాన్లు, అనగా మనము ఆఫీసులో వాడే తెల్ల కాగితములో సగము. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. అరిగినది తిరిగి రాదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసడరు వంటి పాత బండి ఇంకా ఎవరింటనైనా ఉండి, దానికి పాత రంగే ఉంటే, రుద్దిన గుడ్డకు బండి రంగే అంటవచ్చును. దానికి ఈ పై పూత లేదన్నమాట. అక్కడ చేయి మరింత తేలికగా ఉండవలెను.

ఇక మరక తీయు విధము. బండి నీడలో ఉండి, రేకు చల్లగా ఉండవలెను. మన ఊరి ఎండలో పొద్దున ఏడు గంటలకు ముందే మేలు. పెయింటు అంగడిలో దొరికే టర్పెంటైనును మెత్తని గుడ్డకు కొద్దిగా తడిపి, ముందు కంటబడని మూల ఒకసారి తుడిచి చూడవలెను. బండి రంగు చెదరకపోతే మరక మీద ఒత్తక తుడిచి, వెంటనే సబ్బునీటితో కడుగవలెను. దగ్గర దీపము, బీడీ ఉండరాదు. తిన్నరు మాత్రము వద్దు. అది ప్లాస్టిక్ బంపరునూ, తిరిగి వేయించిన రంగునూ కరిగించగలదు.

సున్నపు మరకకు టర్పెంటైను పని చేయదు. నీళ్ళు కలిపిన వెనిగరుతో తుడిచి కడిగితే చాలును.

అప్పటికీ ఛాయ మిగిలితే రబ్బింగ్ కాంపౌండు శనగగింజంత తీసుకొని, మెత్తని గుడ్డతో పదిసార్లు రుద్ది, తుడిచి, చూడవలెను. చూడకుండా రుద్దుటే అనర్థము. తలుపు అంచులలోనూ మడతలలోనూ పూత పలుచన. అక్కడ రుద్దక వదలుటే మంచిది. రంగు వేయని నల్ల ప్లాస్టిక్‌కు కాంపౌండు తగిలితే తెల్లగా నిలిచిపోవును. "మామా, పేస్టు చాలదా?" అని అడిగే పిల్లలున్నారు. పేస్టులోనూ అరగదీసే పొడి ఉన్నది గాని, అది పండ్లకని చేసినది. ఒక దానిలో గరుకెక్కువ, మరొక దానిలో తక్కువ. పని ముగిసిన చోట కొంచెము మైనపు పాలిషు పూస్తే సరి.

గోరు చిక్కిన గీతను ఎంత రుద్దినా ప్రయోజనము లేదు. లోపల ఇనుము కనబడుచుంటే తుప్పు పట్టకముందే బండి రంగు నంబరు చూచి, టచప్ రంగు పలుచగా రెండు మూడు మార్లు అద్దవలెను. ప్లాస్టిక్ బంపరు తుప్పు పట్టదు. దానికి తొందర లేదు.

మరొక మాట. మన ఇళ్ళలో పెళ్ళికీ, కోవెల మొక్కుకూ బావగారి బండో, పొరుగువారి బండో తెచ్చుకొనుట మామూలే. దానికి మరక పడితే, రాత్రికి రాత్రి తుడిచి తాళము అప్పగించుదామనిపించును. ఆ పూత మనది కాదు. బండి ఉన్నదున్నట్లు చూపించి, "ఇది ఇంటిలో తీయగలము, తీయమంటారా?" అని అడిగి, ఆయన సరేనన్న తరువాతనే గుడ్డ పట్టవలెను.