గౌరవం కాదు, వేతనం కావాలి

పాలమూరు జిల్లాలో ఒక పల్లె అంగన్‌వాడీలో ఈమధ్య నేను ఒకరోజు టీచరు పని చేశాను. నిజానికి నేను వెళ్లింది స్త్రీల శ్రమ గురించి వివరాలు సేకరించడానికి. ఆరోజు టీచరుకు జ్వరం. ఆమె రాకపోతే ఆ స్థానంలో నిలబడే మనిషి లేదు. ఆయా ఒక్కతే అటు వంట చేస్తూ ఇటు పిల్లల్ని కనిపెట్టుకోవాలి. ‘నేనుంటానులే’ అన్నాను. ఇన్నేళ్లుగా ఆడవాళ్ల పని గురించి రాస్తున్నదాన్ని, ఇరవైమంది పిల్లలతో ఒక పూట గడపలేనా అని నా ధీమా.

ఆ ధీమా గంటసేపు కూడా నిలవలేదు. నేను కథ మొదలుపెట్టేలోగా ఒకడు చొక్కా తడుపుకున్నాడు, ఇద్దరు బలపం కోసం కొట్టుకున్నారు, ఒకమ్మాయి అమ్మ కావాలని ఏడుపు లంకించుకుంది. ఆమె ఏడుపు విని మరో నలుగురు అందుకున్నారు. ‘మేడం, పొయ్యికాడికి పిల్లల్ని రానియ్యకుండ్రి’ అని ఆయా లోపలినుంచి అరుస్తోంది. మూడేళ్ల పిల్లకి అర్థమయ్యే మాట ఐదేళ్ల పిల్లవాడికి విసుగు. ఇద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే ఆట ఆడించడం ఒక విద్య. అది నాకు రాదు. నా డాక్టరేట్ అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

అన్నాల వేళ ఇంకో సంగతి జరిగింది. పళ్లేలు పంచమని ఇద్దర్ని పిలిచాను. ఇద్దరూ ఆడపిల్లలే. మగపిల్లల్ని పిలవాలన్న ఆలోచనే నాకు రాలేదు. శ్రమ విభజన గురించి వ్యాసాలు రాసే నేనే ఆ విభజనను నాలుగేళ్ల పిల్లల మధ్య నిలబెట్టి వచ్చాను. పళ్లేలు పంచాక ఒక పాప కనిపించలేదు. ఆయా పొయ్యి వదిలి పరుగెత్తింది. పాప ఇంట్లో తమ్ముడి ఉయ్యాల దగ్గరుంది. ‘తమ్ముడు ఏడుస్తడు’ అంది. పక్కన నాయనమ్మ ఉన్నా సరే, ఆ పసిది అప్పటికే ఉయ్యాల తన బాధ్యతనుకుంటోంది.

సాయంత్రం చూస్తే రిజిస్టర్లలో ఒక్క అక్షరం కూడా రాయలేదు. టీచరు రోజూ పాఠం, ఆట, తిండితోపాటు పిల్లల బరువులు, గర్భిణుల వివరాలు, గుడ్ల లెక్కలు చూడాలి. ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపాలి. టీకాల రోజున తల్లుల్ని పిలుచుకురావాలి. ఇన్ని పనులు చేసే మనిషిని ప్రభుత్వం ‘గౌరవ కార్యకర్త’ అంటుంది. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం.

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటినుంచీ ఇదే వరస. ఈ పని స్త్రీకి సహజంగా వస్తుందనీ, సేవాభావంతో చేస్తుందనీ, ఊళ్లోనే ఉంటుంది కాబట్టి కొంత సొమ్ము చాలుననీ లెక్క. 2018లో కేంద్రం పెంచాక కూడా కార్యకర్తకు తన లెక్కన నెలకు 4,500, ఆయాకు 2,250 రూపాయలే. రాష్ట్రాలు దానికి కొంత కలుపుతాయి. సుప్రీంకోర్టు 2006లో వీళ్లవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావంది. గ్రాట్యుటీకి అర్హులేనని తేల్చింది 2022లో. ఆ మాట రావడానికి నలభైఏడేళ్లు పట్టింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్ల మీద కూర్చుంటే, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్లమీద ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు అది స్వచ్ఛంద సేవ. పని ఆపినప్పుడు మాత్రం అత్యవసర సేవ. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

పిల్లల సంగతీ అంతే. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్లనుంచి పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది. మూడునుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుందే తప్ప ‘చేయాలి’ అనదు. ఆ ఒక్క మాట తేడా వల్ల బరువంతా తల్లి మీద, తల్లి కూలికిపోతే ఉయ్యాల దగ్గర కూర్చున్న ఆ పాప మీద పడుతోంది. టీచరు హక్కు, పిల్లల హక్కు, కూలికిపోయే తల్లి హక్కు వేర్వేరు కావు.

ఇక్కడ మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. మన సంస్థలు నడిపే బాలవాడీల్లో, క్రెష్‌లలో పనిచేసే స్త్రీలకు మనం ఏమిస్తున్నాం? ‘నిధులు తక్కువ, ఆమెకూ నిబద్ధత ఉంది’ అంటూ మనమూ గౌరవ వేతనమే చేతిలో పెట్టడం లేదా? వాళ్లకు సెలవుందా? సెలవు పెడితే ఆ స్థానంలో ఎవరైనా వస్తారా? ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన జమాఖర్చుల పుస్తకం తెరుద్దాం. అంగన్‌వాడీ సంఘాలు కనీస వేతనం, పెన్షన్ అడిగితే వాళ్ల పక్కన కూర్చుందాం. వీటితోపాటు జబ్బు చేసినప్పుడు జీతంతో సెలవు, ఆరోజు పనిచేయడానికి శిక్షణ పొందిన మరో మనిషి కావాలని కూడా అడుగుదాం.

మర్నాడు జ్వరం పూర్తిగా తగ్గకుండానే టీచరు వచ్చేసింది. పిల్లలు ఆమెను చుట్టుకున్నారు. నన్నెవరూ చూడలేదు. ఆమె చాప పరిచి, ముందుగా నేను వదిలేసిన రిజిస్టర్లు ముందేసుకుంది.