తుఫానుకే గుర్తొచ్చే ఊరు

ఈ వారం బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టగానే కళింగపట్నం పేరు మళ్ళీ టీవీల్లో మార్మోగింది. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారనీ, మత్స్యకారులు వేటకు వెళ్ళొద్దనీ పొద్దస్తమానం చెప్పారు. గాలి తగ్గింది, ఊరి పేరూ మాయమైంది. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లు దాటి వచ్చిన వంశధార కడలిలో కలిసే చోటది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. 1876 నాటి దీపస్తంభం ఉన్న ఊరు. వేసవిలో ఏటి ఉరవడి తగ్గితే అలలు తోసిన ఇసుక మొగకు అడ్డం పడుతుంది, వరదొస్తే కోసుకుపోతుంది. "మొగ ఒక్క కాడ ఉండదు బావూ" అంటారక్కడి వేటగాళ్ళు.

కాస్త ఎగువన, ఏటి గట్టు కొండ మీద శాలిహుండం. ఆ బౌద్ధ స్తూపాల జాడ 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు కనిపెట్టారు. మన బడి పిల్లల్ని బస్సులెక్కించి రామోజీ ఫిలింసిటీ చూపిస్తాం గానీ ఈ కొండ ఎక్కించం. ఉన్న ఘనతను నిలుపుకోవడం ఎలాగో వేరేచోట చూడండి. ఇటలీలో పో నది డెల్టాలో కొమాక్కియో అనే చిన్న ఊరుంది. అక్కడి మడుగుల్లో పట్టిన మలుగుపాముల్ని కాల్చి, వెనిగర్‌లో ఊరబెట్టే పాత కార్ఖానాను మ్యూజియంగా నిలుపుకున్నారు. ఆ డెల్టాకు 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. జాలరి పనిని వాళ్ళు ఊరి ఘనతగా చూసుకున్నారు.

మన జాలరి సంగతి? వేట నుంచి వచ్చిన బోటును పదిమంది భుజాలు ఆనించి ఇసుక మీదికి లాగాలి. ఐస్ దొరక్కపోతే ఎండెక్కేసరికి వ్యాపారి చెప్పిందే ధర. తీరం చూస్తే మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు. అయినా కుర్రాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పరాయి బోట్లెక్కుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళే పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్ళ ఊరు కె.మత్స్యలేశం ఆడవాళ్ళు కాళ్ళరిగేలా తిరిగాక, 2020 జనవరిలో గానీ వాళ్ళు వాఘా దాటలేదు. ఆ కథ మీద 'తండేల్' సినిమా వచ్చింది, చూసి కళ్ళొత్తుకున్నాం. పెద్ద బోట్లు నిలిచే రేవు, ఐసు ఫ్యాక్టరీ ఇక్కడే ఉంటే వాళ్ళు వెరావల్ రైలెక్కేవారా? ఈ మాట తుఫాను లేని రోజుల్లో మంత్రుల్ని అడిగేవాళ్ళు కావాలి.