షుగర్ చీటీలో దిగులుకూ ఒక గడి పెట్టండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

ఊళ్లోకి 104 బండి వస్తే షుగరు, బీపీ చూసి మాత్రలిచ్చి పంపుతున్నారు. మంచి పని. ఆ వరసలో నిలబడ్డ మనిషికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా, తిండి మీద ధ్యాస ఉందా అని అడిగి రాసుకునే ఏర్పాటు మాత్రం కనబడదు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. వీళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపని 2001లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. దిగులు పట్టిన మనిషి మాత్ర మింగడు, నడకకు లేవడు, కాలికి పుండైనా చూపించుకోడు. షుగర్ పెరుగుతుంది, దాన్ని చూసి బెంగ ఇంకా పెరుగుతుంది. చివరికి దెబ్బ గుండెకు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె, రక్తనాళాల జబ్బులే.

ఆందోళన సంగతి ఇంకా చిక్కు. దడ, చెమటలు, వణుకు భయానికీ వస్తాయి, షుగర్ 70కి దిగువకు పడిపోయినా వస్తాయి. గుండెపోటులోనూ చెమటలు పడతాయి. పైగా ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని కొందరికి ఛాతీ నొప్పే తెలియదు. కాబట్టి "అంతా నీ భయమేలే మామ్మా" అని ఈసీజీ తీయకుండా పంపితే ప్రాణం మీదికి రావచ్చు. ఈసీజీ బాగుంది కదా అని ఆ భయాన్ని పట్టించుకోకపోయినా ముప్పే. షుగర్ పడిపోతుందేమోనని ఇన్సులిన్ మానేసేవాళ్లూ, అర్ధరాత్రి లేచి తినేవాళ్లూ ఉన్నారు.

దీనికి దారి వెతకడానికి విదేశాలకు పోనక్కర్లేదు. మన విశాఖపట్నంతో పాటు చెన్నై, బెంగళూరు, ఢిల్లీల్లోని నాలుగు క్లినిక్కుల్లో, షుగరూ డిప్రెషనూ రెండూ ఉన్న 404 మందితో 'ఇండిపెండెంట్' అనే అధ్యయనం చేశారు. 2020లో జామా పత్రికలో వచ్చింది. డాక్టరు కాని ఒక కార్యకర్త ఈ పేషెంట్లను కనిపెట్టుకుని ఉండేవారు. మనసెలా ఉంది, మాత్రలు వేసుకుంటున్నారా అని కనుక్కునేవారు. ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కేవి. షుగర్ డాక్టరూ సైకియాట్రిస్టూ వాటిని చూసి మందుల్లో మార్పులు సూచించేవారు. రెండేళ్లకు దిగులు కనీసం సగం తగ్గి, దాంతోపాటు మూడు నెలల సగటు షుగరో, బీపీయో, చెడ్డ కొలెస్ట్రాలో ఒక్కటైనా మెరుగుపడినవాళ్లు 71.6 శాతం. మామూలు వైద్యంలో 57.4. మామూలు వైద్యమూ తీసిపారేసేదేం కాదు. కానీ ఈ పైచేయికి పెద్ద ఆసుపత్రి కట్టలేదు, కొత్త మందు కనిపెట్టలేదు.

టెలీ మానస్ 14416 ఉంది కదా అంటారేమో. 2022 నుంచీ ఉంది, ఉండాలి కూడా. అయితే మంచం దిగడానికే మనసొప్పని మనిషి తనంతట తాను నంబరు నొక్కుతాడా? ఫోను అటునుంచే రావాలి.

ఒక్క జిల్లాతో మొదలుపెట్టండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా గడిచిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? పీహెచ్‌క్యూ-2 అనే ఈ రెండు ప్రశ్నలనూ షుగర్ చీటీలో చేర్చండి. ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో రిజిస్టరు మాత్రం రుద్దకండి, వాళ్లకున్నవి చాలు. పీహెచ్‌సీకి ఇందుకోసమే ఒక మనిషిని పెట్టి, వారానికోసారి జిల్లా మానసిక వైద్యుడితో మాట్లాడించండి. పాతరకం డిప్రెషన్ మందులు కొన్ని గుండె జబ్బువాళ్లకు పడవు. పడేవి పీహెచ్‌సీలోనే దొరకాలి. అవునన్నవాళ్లను చూసుకునే మనిషి లేకపోతే ఆ ప్రశ్నలు అడగనే వద్దు.

ఏడాది తిరిగాక ఎంతమందిని అడిగారో, ఎంతమంది అవునన్నారో, వాళ్లలో ఎంతమందికి రెండోసారి ఫోను వెళ్లిందో పత్రికలకివ్వండి. నవంబర్ 14 మధుమేహ దినం నాడు, నడక ర్యాలీ ఫొటోలతో పాటే ఇచ్చినా సరే.

ఇట్లు,
మీ రాష్ట్ర పౌరుడు