పొదుపు ఇల్లాలిది.. లోటు ఎవరిది?

దసరా, దీపావళి, కార్తీకం, క్రిస్మస్, సంక్రాంతి. నాలుగు నెలలు ఒకదాని వెంట ఒకటి పండుగలే. ఖర్చు తగ్గించుకోండి, లెక్క రాసుకోండి అని ఈ కాలంలో పేదింటికి సుద్దులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. నెల్లూరు తీరంలోని ఇల్లాలికి ఆ పాఠం ఎవరూ నేర్పనక్కర్లేదు.

అరిసెలకు ఆమె రేషన్ బియ్యమే నానబెడుతుంది. కాలిన అరిసెను చెక్కల మధ్య వత్తి, కారిన నూనెను మళ్లీ బాండీలోకే పంపుతుంది. మిగిలింది పది రోజుల తాలింపుకు దాస్తుంది. వేట బాగున్నప్పుడు ఎండబెట్టిన చేపలే వాన రోజుల్లో కూర. ఇంతకు మించిన పొదుపు ఏ ఆర్థికమంత్రికి తెలుసు? అయినా చాలదు. ఎందుకు?

సంక్రాంతిని పంట పండుగ అంటారు. నెల్లూరు డెల్టాలో ఆనాటికి పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది. సోమశిల నీళ్లతో సాగే ప్రధాన పంట కోతకొచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. పండుగ ముందు, పంట వెనుక. కూలికి వెళ్లే ఇంటికీ అదే కరువు. సముద్రం సంగతీ అంతే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబర్‌లో పెన్నా వరద, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది పండుగల నడుమనే. హెచ్చరిక వచ్చిందంటే ఇసకపల్లి, మైపాడు పడవలు ఒడ్డెక్కాల్సిందే. పడవ కదలని నాడు పొయ్యి అప్పుతో వెలుగుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి భృతి ఉంది. 2019లో 10 వేలు ఇచ్చారు, 2025లో 20 వేలు చేశారు. మంచిదే. మరి తుఫాను హెచ్చరికలతో ఆగిన రోజుల మాటేమిటి? అవి ఆకలి రోజులు కావా?

బియ్యం మనిషికి 5 కిలోలు 2023 జనవరి నుంచి ఉచితంగా వస్తున్నాయి. కానీ పండుగ బియ్యంతో గడవదు. పప్పు, బెల్లం, నూనె కావాలి. ఇండోనేసియా, మలేసియాల పామాయిల్ మన కృష్ణపట్నం రేవులోనే దిగుతుంది, ముత్తుకూరు మండలంలోనే శుద్ధవుతుంది. ఆ ఫ్యాక్టరీల పొగ పక్క ఊళ్లకు, ధర మాత్రం ఢిల్లీ చేతిలో. 2024 సెప్టెంబర్ 14న, దసరాకు నెల ముందు, ముడి నూనెలపై సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. 16.5కు తగ్గించింది 2025 మే చివర, పండుగలన్నీ దాటాక. నూనెగింజల రైతుకు ధర రావాలి, కాదనం. ఆ బరువును పేదింటి బాండీ మీదే ఎందుకు వేయాలి?

2015 నుంచి 2019 దాకా రాష్ట్రంలో సంక్రాంతికి చౌకదుకాణాల్లో కానుక సంచి ఇచ్చారు. కందిపప్పు, శనగపప్పు, బెల్లం, గోధుమపిండి, పామాయిల్, నెయ్యి. బెల్లం బాగాలేదన్న ఫిర్యాదులూ వచ్చాయి. బాగు చేయాల్సింది పోయి, ప్రభుత్వం మారాక సంచినే ఎత్తేశారు. అది దయగా ఇచ్చింది కాబట్టే తీసేయడం అంత తేలికైంది. హక్కుగా ఉంటే తీసే ధైర్యం ఎవరికి ఉండేది?

అందుకే మేము మూడు మాటలు అడుగుతున్నాం. దసరా నుంచి సంక్రాంతి దాకా నెలనెలా రేషన్‌లో పప్పు, నూనె, బెల్లం ఇవ్వాలి. తుఫాను హెచ్చరికతో వేట ఆగిన ప్రతి రోజుకూ భృతి కట్టాలి. పండుగల ముందు వంటనూనెపై సుంకం పెంచరాదు.

అక్కచెల్లెళ్లకూ ఒక మాట. రసీదు లేని పండుగ చీటీల్లో డబ్బు పోయకండి. పొదుపు సంఘంగా కలిసి నూనె డబ్బాలు, పప్పు బస్తాలు టోకున కొని పంచుకోండి. 1992లో దూబగుంటలో సారాను తరిమి ఇంటి కూడు కాపాడుకున్నది ఈ జిల్లా ఆడవాళ్లే. ఆ వెంటనే రోజుకో రూపాయి పొదుపుతో రాష్ట్రానికి దారి చూపిందీ వాళ్లే. పొదుపు వాళ్లకు వచ్చు, నిలదీయడమూ వచ్చు. ఈ పండుగలకు రెండోదే ఎక్కువ అవసరం.