కారాగారములలో ఔషధసేవ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఏటేట ఎదురగు ప్రశ్న యొకటి గలదు. పి.యు.సి. ముగించిన బిడ్డను ఏ చదువునకు పంపవలెను? వైద్యవిద్య అందఱకును అందునది కాదు. ఇంజనీరింగు ముగించి తగిన పని దొరకక బెంగుళూరు వీథులలో తిరుగువారిని మన మెఱుగుదుము. కనుక అనేకులు ఇప్పుడు ఫార్మసీ విద్యవైపు చూచుచున్నారు. అది మంచిదే. కాని ఆ చదువు ముగించినవానికి మందుల అంగడి తప్ప వేఱు దారి లేదను తలంపు సరికాదు. ఆసుపత్రులు గలవు, ఔషధ కర్మాగారములు గలవు. ఎవరును తలపెట్టని తావు మఱియొకటి గలదు. అది చెఱసాల.

చెఱసాల యనగానే ముఖము చిట్లించుకొనువారు అందున్న వారెవరో మొదట తెలిసికొనవలసియున్నది. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022 సంవత్సరాంతమున దేశములోని కారాగారములలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణలో నున్న వారే. అనగా నలుగురిలో ముగ్గురు ఇంకను నేరస్థులని తీర్పు పొందనివారు. నూఱుగురు పట్టు చోట సగటున 131 మంది క్రిక్కిఱిసి యుండిరి. ఆ యొక్క యేటనే 1,995 మంది చెఱలో మరణించిరి. అందు 1,773 మరణములను సహజ మరణములుగా లెక్క వ్రాసిరి. సకాలమున సరియైన మందు అంది యుండినచో వానిలో ఎన్ని ప్రాణములు నిలిచియుండెడివో ఆ లెక్క చెప్పదు.

ఈ విషయమున మన రాష్ట్రమునకు ప్రత్యేక బాధ్యత గలదు. బెంగుళూరు కేంద్ర కారాగారము నందలి రామమూర్తి యను ఖైదీ 1984లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక జాబు వ్రాసెను. న్యాయస్థానము దానినే వ్యాజ్యముగా స్వీకరించి 1996లో తీర్పు చెప్పెను. కారాగారములను పీడించు తొమ్మిది సమస్యలను ఆ తీర్పు ఎత్తిచూపినది. ఆరోగ్యమును నిర్లక్ష్యము చేయుట వానిలో నొకటి. ఖైదీ ఆరోగ్యము సమాజముపై బాధ్యత యగుటకు న్యాయమూర్తులు రెండు కారణములు చెప్పిరి. స్వేచ్ఛ గల మనుష్యునివలె ఖైదీ తనకు నచ్చిన వైద్యునియొద్దకు పోజాలడు. పైగా చెఱలోని పరిస్థితులే వానిని అధికముగా రోగముల పాలు చేయును. మన యింట జ్వరము వచ్చినచో ఒక వైద్యుడు కాకున్న మఱియొకని చూతుము. తలుపు వెలుపల తాళము పడినవానికి ఆ మార్గము లేదు.

వైద్యుడు చీటి వ్రాయును. మందు ఎవరిత్తురు? పెద్దలు కాంపౌండరని పిలిచిన ఆ పనికి 1948 ఫార్మసీ చట్టము శాస్త్రవిద్యను, రిజిస్టరులో పేరును నియమముగా జేసినది. వైద్యుని చీటిపై మందును కూర్చుటకు గాని, పంచియిచ్చుటకు గాని రిజిస్టరయిన ఫార్మసిస్టు తప్ప అన్యులకు అధికారము లేదని దాని 42వ విభాగము శాసించుచున్నది. వైద్యుడు తన రోగులకు తానే మందిచ్చుట వంటి కొలది మినహాయింపులు మాత్రమే గలవు. ఫార్మసిస్టు లేకయే మందులిచ్చు ఆసుపత్రుల వలన ప్రజారోగ్యమునకు కీడు కలుగునని బీహారు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2022లో గట్టిగా పలికినది. ఈ ధర్మము చెఱసాల గోడలవద్ద ఆగిపోవుటకు వీలు లేదు.

ఆ పని ఎట్టిదో చూడుడు. మూర్ఛరోగికి మాత్రలు ఆకస్మికముగా ఆగినచో మూర్ఛలు మరల విజృంభించును. కావున ఖైదీ ప్రవేశించిన దినముననే అతడు వెలుపల ఏ మందులు వాడుచుండెనో అడిగి వ్రాసికొనవలెను. మధుమేహరోగుల ఇన్సులిన్‌ను రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనములో నిలువ యుంచవలెను. సాధారణ జనులలోకంటె చెఱసాలలలో క్షయరోగము పదిరెట్లు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సామాన్య క్షయకు ఆరుమాసములు ఎడతెగక మందు మ్రింగవలెను. నడుమ ఖైదీని వేఱు జైలునకు మార్చినను, బెయిలుపై విడిచినను, మందు తెగినచో రోగము మందులకు లొంగని స్థితికి వచ్చి, అతని యింటివారికిని ఊరివారికిని అంటుకొనును. నిద్రమాత్రలు, మనోరోగముల మాత్రలు నాలుక క్రింద దాచి ఇతరులకు అమ్ముకొనువారు గలరు. కనుక వానిని తాళములో నుంచి, లెక్క చూచి, కన్నులయెదుట మ్రింగించవలెను. మండీలో ఒక బస్తా తక్కువైనచో చిట్టాలో కనబడును. ఇచ్చట ఒక మాత్ర తక్కువైనచో మనుష్యుని యొడలిలో కనబడును.

అమెరికాలో ఓ. హెన్రీ యను పేర ప్రసిద్ధుడైన కథకుని అసలుపేరు విలియం సిడ్నీ పోర్టరు. ఆయన యౌవనమున ఔషధశాలలో పనిచేసి లైసెన్సు పొందినవాడు. బ్యాంకు ధనము అపహరించెనను నేరముపై 1898లో ఒహాయో కారాగారమునకు పోయి, అందలి ఆసుపత్రిలో రాత్రివేళ మందులిచ్చు పనిచేసి, 1901లో విడుదలయ్యెను. మందునెఱిగినవాడు ఖైదీయై వచ్చుట అచ్చటి రోగుల అదృష్టము. అదృష్టమును నమ్మి ఆసుపత్రి నడుపరాదు. మన చెఱసాలలకు మందునెఱిగినవాడు శిక్షాపత్రముతో గాక నియామకపత్రముతో రావలెను.

ఈ కొలువునకు మన బిడ్డలకు సహజముగా నబ్బిన యోగ్యత యొకటి గలదు. వారు బడిలో కన్నడము నేర్తురు, ఇంట తెలుగు పలుకుదురు. ప్రభుత్వ కొలువునకు కన్నడము అవశ్యము. దానిలో మనవారు వెనుకబడరాదు. అయితే కూలికై బెంగుళూరు చేరి ఏదో యొక వ్యాజ్యములో చిక్కుకొన్న తెలుగువానికి పరగడుపున మ్రింగవలసిన మాత్ర ఏదో, భోజనానంతరము మ్రింగవలసినది ఏదో, అతని మాటలోనే చెప్పగలవాడు కావలెను. చెప్పినది అర్థము కాని రోగికి మంచి మందును చెడుపు చేయును. రెండు భాషలు తెలియుట మనకు బరువు కాదు, పదిమందికి ఉపకరించు ఆస్తి.

విద్యావిషయమున తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. డిప్లొమాకు రెండేండ్ల చదువు, ఆపైన ఆసుపత్రిలోనో అంగడిలోనో 500 గంటల అభ్యాసము వలయును. పట్టమునకు నాలుగేండ్లు. పి.యు.సి.లో భౌతిక, రసాయన శాస్త్రములతో జీవశాస్త్రమో గణితమో చదివియుండవలెను. కళాశాలకు భారత ఫార్మసీ మండలి అనుమతి గలదో లేదో రుసుము కట్టకముందే విచారింపుడు. అనుమతి లేనిచోట చదివినవానికి రిజిస్టరులో పేరు దొరకదు.

కొందఱు యువకులు పట్టమును ఏ అంగడి గోడకో తగిలించి, నెలనెల అద్దె పుచ్చుకొని, తాము వేఱు పని చేయుచున్నారు. వర్తకులమైన మనమే ఆ అద్దె నిచ్చుచున్నారము గనుక మనమే ఈ మాట చెప్పవలెను: ఇది చట్టమునకును ధర్మమునకును విరుద్ధము. చదివిన విద్య గోడపై వ్రేలాడుటకు కాదు.

చెఱసాల కొలువు సులభమని మేము చెప్పము. ఒకప్రక్క బెదిరింపులు, ఒకప్రక్క ప్రలోభములు ఉండును. ఒప్పందముపై నిచ్చు ఉద్యోగములలో జీతము చాలదు. కావుననే అడుగవలసినది గట్టిగా అడుగవలెను. చెఱసాలల పాలన రాష్ట్ర ప్రభుత్వమునకు చెందినది. ప్రతి మున్నూఱు మంది ఖైదీలకు ఒక వైద్యుడుండవలెనని ఆదర్శ కారాగార నియమావళి చెప్పుచున్నది. వైద్యునితోబాటు ఫార్మసిస్టు పదవిని సృష్టించి, ఖాళీ యుంచక, స్థిరమైన జీతముతో నింపవలెనని మన శాసనసభ్యులకు విన్నపము చేయుట మన సంఘ ధర్మము. నియామక ప్రకటనలు వెలువడినప్పుడు బిడ్డలకు తెలుపుటయు, పేద విద్యార్థులకు పుస్తకములిచ్చుటయు మన చేతిలోని పనులు. ఇందుకు పూనుకొనుడని మన వర్తక సోదరులను కోరుచున్నాము. శిక్ష విధించునది న్యాయస్థానము. ఆ శిక్షకు రోగమును చేర్చు అధికారము ఎవరికిని లేదు.