శాసనము నిధిపటము కాదు

గూఢలేఖనము మన పూర్వులకు క్రొత్త విద్య కాదు. గూఢచారులు సంజ్ఞాలిపిచే వార్తలు పంపవలెనని కౌటిల్యుడు విధించెను. వాత్స్యాయనుడు చతుష్షష్టికళలలో మ్లేచ్ఛితవికల్పమును చేర్చగా, జయమంగళావ్యాఖ్యలో యశోధరుడు అక్షరములను నియతక్రమమున తారుమారు చేయు మూలదేవీయాది పద్ధతులను వివరించెను. అయినను మనకు చదువరాని ప్రతి వ్రాతయు గూఢలేఖనము కాదు.

ఈ సందర్భమున మూడింటిని వేరుపరచవలెను. రహస్యమును దాచుటకై వ్రాసినది గూఢలేఖనము. చదువగలవారు లేకుండపోయినది అజ్ఞాతలిపి. సింధు ముద్రలు ఇందుకు ఉదాహరణము. యేల్ విశ్వవిద్యాలయమునందలి వోయ్‌నిచ్ గ్రంథము పదునైదవ శతాబ్ది చర్మపత్రములపై వ్రాయబడినది; అది ఈ రెండింటిలో ఏ కోవకు చెందునో నేటికిని తేలలేదు. ఇక మూడవది సంకేతము. దాని కీలకము శాస్త్రమున బహిరంగముగానే ఉన్నది. కటపయాది ననుసరించి 'మేచకల్యాణి'లో మ ఐదు, చ ఆరు. కుడినుండి చదివిన 65వ మేళము. రామప్ప దేవాలయ కాలమైన శక 1135ను, అనగా క్రీ.శ. 1213ను, భూతసంఖ్యలలో 'శర గుణ శశి భూ' అని చెప్పవచ్చును. ఇందు దాపరికము లేదు, ఛందస్సునకు అనువైన సంఖ్యాకథనము మాత్రమే కలదు.

పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకమున తమిళ, కన్నడ, మరాఠీ భాషలలోను పద్యములు చెప్పెను. ఆ భాషలు రానివారికి అవి గూఢలిపివలె తోచవచ్చును. తెలియనిది వేరు, దాచినది వేరు.

ఈ భేదము తెలియకపోవుటచే రాళ్ళు పగులుచున్నవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో శిథిలాలయముచెంత శాసనము కనబడినచో, అది గుప్తనిధికి గురుతని నమ్మువారు నేటికిని కలరు. శాసనశిరమున చెక్కిన సూర్యచంద్రులు దానము ఆచంద్రార్కము నిలువవలెనని తెలుపుదురు. నిధివేటగానికి వారే త్రోవచూపు గుర్తులు. బయ్యారము చెరువు శాసనము దాచినది బంగారము కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువును, కాకతీయుల తొలితరముల పేర్లను అది మనకు నిలిపి ఇచ్చినది. అట్టి రాయి పగిలినచో పోవునది ఒక వంశచరిత్రయే.

ఈ నష్టమున మన బాధ్యతయు కలదు. భూతసంఖ్యలను పరీక్షకొరకు వల్లె వేయించుచున్నాము; వానితో సమీపగ్రామమందలి రాతిని చదివించుట అరుదు. ప్రతి ప్రాచ్యకళాశాలయు ఏటేట ఒక ఊరికి విద్యార్థులను గొనిపోయి, అచటి శాసనమును గ్రామస్థుల యెదుట చదివి, అర్థము చెప్పి, సులభమైన తెలుగులో దాని సారాంశమును ప్రక్కనే ఫలకముపై వ్రాయించుట మేలని నా అభిప్రాయము. రాతిపై తమ చెరువు పేరో, తమ పొలమునకు నీరిచ్చిన కాలువ పేరో ఉన్నదని తెలిసిన ఊరు దానిపై గడ్డపార పడనీయదు.